అడుగున పేరు లేని గిన్నెలు

టాలివర్ ఊళ్ళో మనుషుల కన్నా గిన్నెలే ఎక్కువ తిరుగుతాయి. ఎవరింట్లోనైనా ప్రాణం పోయిందని తెలిస్తే చాలు, ఆడవాళ్ళు చేస్తున్న పని అక్కడే వదిలేసి వంటింట్లోకి దూరతారు. కోడిమాంసం కలిపి ఓవెన్‌లో పెట్టిన అన్నం, వెన్నలో మగ్గించిన చిక్కుడు గింజలు, పౌండ్ కేకు, అరటిపండు పుడ్డింగు, ఎవరి చేతికి వచ్చింది వాళ్ళు వండి పట్టుకుపోతారు. ఏడుస్తున్న ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన అవసరం రానివ్వరు. అయితే ఒక పద్ధతి ఉంది. గిన్నె బోర్లించి, అడుగున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద సిరాతో ఇంటావిడ పేరు రాయాలి. అంతా అయిపోయాక చావింటివాళ్ళు గిన్నె శుభ్రంగా తోమి, పేరు చూసుకుని, స్వయంగా వెళ్ళి ఇచ్చి రావాలి. ఇంకొకరి చేత పంపితే తప్పు. వెళ్ళాక కూర్చుని ఒక గ్లాసు తీపి టీ తాగాలి, పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. అలబామాలో మా వైపు దుఃఖం తీరేది ఇలాగే.

ఎలోయీస్ మేబ్రీకి ఈ పద్ధతి నేర్పింది ఆవిడ అత్తగారు ఆల్మా. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఎలోయీస్ ఎవరింటికో పేరు రాయకుండా పళ్ళెం పట్టుకుపోబోతుంటే ఆల్మా గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పేరు లేకుండా గిన్నె పంపేది ఇద్దరే అమ్మాయ్. పిసినారి ఒకడు, దొంగ ఒకడు."

"పిసినారి ఎందుకు రాయడు అత్తయ్యా?"

"తన గిన్నె ఎంత చిన్నదో తెలిసిపోతుందని."

"మరి దొంగ?"

"గిన్నె వాడిది అయితే కదా!" అని ఆల్మా ప్లాస్టర్ చుట్ట చేతిలో పెట్టింది.

అత్తాకోడళ్ళకు ఆ రోజు నుంచీ బాగానే పొసిగింది. ఆల్మా నోరు మంచిది కాదు, మనసు మాత్రం నిక్కమైనది. మొగుడు పోయాక దాణా కొట్టు ఒంటిచేత్తో నడిపిన మనిషి మరి.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు హాలిస్. ఆ కొట్లో మొక్కజొన్న బస్తాల మీద బోర్లా పడుకుని చదువుకున్నాడు. చిన్నప్పుడు ఒకసారి తక్కెడ ముల్లు ఇరుక్కుంటోందని కొనడానికి వచ్చినవాడితోనే చెప్పేశాడు. తండ్రి అక్కడికక్కడే చెంప పగలగొట్టి, సాయంత్రం తక్కెడ బాగుచేయించాడు. హాలిస్ టస్కలూసాలో లా చదివి ఊరికి తిరిగొచ్చాడు, పొలం తగాదాలు వాదించాడు, జిల్లా ప్రాసిక్యూటర్ అయ్యాడు. చర్చిలో పియానో వాయించే ఎలోయీస్‌ను పెళ్ళాడాడు. పిల్లలు కలగలేదు. తలలో తెల్లవెంట్రుకలు కనబడే వేళకు ఫెడరల్ జడ్జి అయ్యాడు. ప్రెసిడెంట్ సంతకంతో వచ్చే ఉద్యోగం అది. బతికినన్నాళ్ళూ ఉంటుంది, తనంతట తాను దిగితే తప్ప ఎవరూ దింపలేరు. ఊరు ఊరంతా బ్యాండు మేళం పెట్టి, పందుల్ని కాల్చి విందు చేసింది. "మా హాలిస్" అని చెప్పుకోనివాడు లేడు.

హాలిస్ పుట్టుకతో వీరుడేం కాదు. అందరిలాంటి వాడే. తెల్లవాళ్ళ కుళాయి దగ్గర నీళ్ళు తాగాడు, తెల్లవాళ్ళ చర్చిలో కూర్చున్నాడు, నల్లవాళ్ళు పెరటి గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడితే అది లోకరీతి అనుకున్నాడు. ఎజ్రా పికెట్ కేసు బల్ల మీదికి రాకపోతే అలాగే అనుకుంటూ పోయేవాడేమో, చెప్పలేం.

ఎజ్రా పికెట్ పరుపులు కుట్టేవాడు. పట్టాల అవతల నల్లవాళ్ళ పేటలో ఉంటాడు. మా జిల్లాలో ఓటరుగా చేరాలంటే అప్పటికే ఓటున్న ఇద్దరు వచ్చి, ఈ మనిషిని మేము ఎరుగుదుము అని చెప్పాలి. వినడానికి ఏమీ తప్పు లేదు. కానీ ఓటున్నవాళ్ళంతా తెల్లవాళ్ళే, తెల్లవాడెవడూ నల్లవాడి కోసం తన పేరు ఇవ్వడు. ఆ ఒక్క నియమంతో పేట మొత్తానికి తాళం వేసేశారు. ఎజ్రా ఏటా మంచి చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళడం, నిన్ను ఎరిగినవాళ్ళు ఎవరని వాళ్ళు అడగడం, ఇతను తిరిగి రావడం. చివరికి ఓపిక నశించి ఫెడరల్ కోర్టుకెక్కాడు.

విచారణ రోజు ఎలోయీస్ వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఓటర్లను నమోదు చేసే అధికారి బోనులో నిలబడి, ఎజ్రా ఎవరో తమకు తెలియదని నున్నగా చెప్పుకుపోతున్నాడు. హాలిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"మీ ఇంట్లో పరుపు ఎవరు కుట్టారండీ?"

అధికారి నీళ్ళు నమిలాడు. "ఎజ్రాయే సార్."

"మీ నాన్నగారింట్లో?"

"అదీ ఎజ్రాయే."

"మరి ఎజ్రా మీకు తెలుసన్నమాట."

"తెలుసు సార్... అంటే, ఆ లెక్కన తెలీదు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది. ఎందుకంటే అక్కడ కూర్చున్న తెల్లవాళ్ళలో సగం మంది రాత్రిళ్ళు నడుం వాల్చేది ఎజ్రా కుట్టిన పరుపుల మీదే.

ఆ రోజు నుంచి ఎలోయీస్‌కు కాలూ చెయ్యీ ఆడలేదు. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరిగేది. తుడిచిన అల్మరా మళ్ళీ తుడిచేది. హాలిస్ ఇంట్లో ఉంటే చెవినిల్లు కట్టుకుని పోరేది.

"ఆ కేసు ఇంకో జడ్జికి ఇచ్చెయ్యి హాలిస్. సొంతూరి గొడవ సొంతూరివాడు తీర్చకూడదని చెప్పు, సరిపోతుంది."

"సొంతూరివాణ్ణి కాబట్టేగా పరుపు సంగతి తెలిసింది?"

"నీకు వేళాకోళంగా ఉంది. రేపు ఈ ఊళ్ళో మొహం చూపించుకోవాల్సింది నేను."

మూల కుర్చీలో బఠానీలు ఒలుస్తున్న ఆల్మా తలెత్తింది. ఆవిడకు నల్లవాళ్ళ ఓట్ల మీద ప్రేమేం లేదు. నాన్చుడంటే మాత్రం అసహ్యం.

"ఒరేయ్ హాలిస్, నాలుగు నెలలుగా అన్నం ముందు కూర్చుని పిడికిళ్ళు నొక్కుకుంటున్నావు. తప్పనిపిస్తే తప్పని రాయి, ఒప్పనిపిస్తే ఒప్పని రాయి. ఏదో ఒకటి తేల్చి ఏడువు, నాకు తిండి సహించడం లేదు."

హాలిస్ రాసేశాడు. ఇద్దరి సాక్ష్యం అక్కర్లేదు, సెప్టెంబరు నుంచి ప్రతి సోమవారం ఆఫీసు తలుపు తెరిచి, వచ్చిన ప్రతివాణ్ణీ ఒకే తీరుగా చూడాలి అని. పై కోర్టు కూడా సరే అంది.

ఇక చూడాలి ఊరి సంగతి. కొట్టలేదు, తిట్టలేదు, మొహం చాటేసింది. చర్చిలో వాళ్ళు కూర్చునే బెంచీ ఖాళీ, ముందు బెంచీ ఖాళీ, వెనక బెంచీ ఖాళీ. మాంసం కొట్టువాడు ఎలోయీస్ తలుపు తీయగానే కత్తి నూరుకోవడం మొదలుపెట్టేవాడు. సరిగ్గా భోజనాల వేళకు ఫోను మోగేది. తీస్తే ఊపిరి వినబడేది, అంతే. ఇవన్నీ ఎలోయీస్ పళ్ళ బిగువున భరించింది. భరించలేనిది ఒక్క వెర్లీ సంగతి.

వెర్లీ పక్కింటావిడ. రెండిళ్ళ మధ్యా నడుమెత్తు పొదల కంచె ఒక్కటే అడ్డం. ఇద్దరూ కలిసి కూరలు తరిగారు, కలిసి మొగుళ్ళని తిట్టుకున్నారు, ఎలోయీస్‌కు బిడ్డ నిలవనప్పుడు ఆవిడ పక్కన పడుకుని జుట్టు నిమిరింది వెర్లీయే. తీర్పు వచ్చిన మర్నాడు వెర్లీ ఇంటి కిటికీకి తెర పడింది. వెర్లీ మొగుడు బ్యూఫర్డ్ బ్యాంకులో పెద్ద ఉద్యోగి, వరండాలో కూర్చుని ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో కనిపెడుతుండేవాడు.

అలాంటి సమయంలో బర్మింగ్‌హామ్ నుంచి హాలిస్ పాత స్నేహితుడు ఫోను చేశాడు. జడ్జి పని వదిలేసి వస్తే తన లా కంపెనీలో భాగం ఇస్తానన్నాడు. ఎలోయీస్‌కు ఆ మాట ఎండలో మంచినీళ్ళలా తగిలింది.

"పోదాం హాలిస్. నేనిక్కడ ఊపిరాడక చచ్చిపోతున్నా."

హాలిస్ కిటికీలోంచి పట్టాల వైపు చూశాడు. తను దిగితే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అతనికే కాదు, ఊరందరికీ తెలుసు. కొత్తాయన పట్టుబట్టి అమలు చేయించడు, వచ్చిన వారానికే ఆ తీర్పు అటకెక్కుతుంది. పట్టాల అవతలి పేట మళ్ళీ ఇంకో ఇరవై ఏళ్ళు మంచి చొక్కాలు వేసుకుని తిరగాల్సిందే.

"అమ్మ ఉన్నన్నాళ్ళూ కదలలేను," అన్నాడు చివరికి. "తరవాత నీ ఇష్టం ఎలోయీస్. ఒట్టు. నువ్వు పొమ్మంటే రాజీనామా రాసి బండెక్కుతా, మారు మాట్లాడను."

భారం ఆవిడ నెత్తిన పెట్టేశాడు. ఎలోయీస్‌కు ఒళ్ళు మండింది. పోట్లాడితే గెలవొచ్చు గానీ, ఇలా ఒప్పేసుకునేవాడితో ఏం చేస్తాం?

ఆగస్టులో ఆల్మా పోయింది. మధ్యాహ్నం కునుకు తీస్తానని మంచమెక్కి మళ్ళీ లేవలేదు.

ఎలోయీస్ ఏడ్చింది, ఏడుస్తూనే భోజనాల బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ పరిచింది. అరవై ఏళ్ళు ఊరందరి చావులకీ గిన్నెలు మోసిన మనిషి ఆల్మా. ఆవిడ బల్ల నిండాలి. అంతకన్నా ఆ రోజు ఎలోయీస్ ఏమీ కోరలేదు. వీధి గుమ్మం బార్లా తీసి, అద్దం ముందు జుట్టు సరిచేసుకుని కూర్చుంది. లేచింది. కూర్చుంది. గుడ్డ మీద లేని ముడతలు సవరించింది. పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చదివి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో కార్లు ఇంటి ముందుకు వచ్చేసరికి వేగం పెంచుతున్నాయి.

అప్పుడు పెరటి వైపు జాలీ తలుపు కిర్రుమంది.

ఎలోయీస్ పరుగున వెళ్ళింది. ఎవరూ లేరు. మెట్టు మీద గుడ్డ కప్పిన గిన్నె ఉంది, లోపల కోడిమాంసం అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టిందో లేదో మళ్ళీ కిర్రు. ఈసారి హ్యామ్, ఉప్పు పట్టించి కాల్చిన పంది తొడ. తరవాత కేకు. ఆవిడ వెళ్ళేసరికి కంచె పొదలు ఊగుతుండడం, గౌను అంచు మలుపులో మాయమవడం, అంతే కనబడేది. సాయంత్రానికి బల్ల నిండిపోయింది. ఎలోయీస్ ఒక్కో గిన్నె ఎత్తి అడుగు చూసింది. అన్నింటికీ ప్లాస్టర్ పీకేసి ఉంది, జిగురు మరక మాత్రం మిగిలింది. వేలు పెడితే అంటుకుంటోంది.

ఒక నీలం గిన్నె దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అంచు మీద చిన్న పెచ్చు లేచిన గిన్నె. వెర్లీ పెళ్ళిరోజుకు తనే కొనిచ్చింది.

"చూశావా అత్తయ్యా," అంది ముందుగదిలో శవపెట్టెలో పడుకున్న ఆల్మాతో. "అందరూ దొంగలూ పిసినారులే వచ్చారు."

ఆ మాట అంటుండగానే వీధి గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎజ్రా పికెట్, అతని భార్య రోజెట్టా. ఇద్దరూ ఆదివారం బట్టల్లో ఉన్నారు. రోజెట్టా చేతుల్లో ఎనామిల్ గిన్నె.

నల్లవాళ్ళు పెరటి గుమ్మంలోంచి రావాలి. ఎలోయీస్ నోట్లోకి ఆ మాట వచ్చేసింది కూడా. "వెనక..." అంది, అని నాలుక కరుచుకుంది.

రోజెట్టా కనుబొమ్మ ఎత్తింది. "వెనక చాలా రద్దీగా ఉందండీ. వీధిలోంచి చూశాం. ఇటు ఖాళీగా ఉందని ఇటొచ్చాం."

ఎలోయీస్ పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఎజ్రా టోపీ చేత్తో పట్టుకుని పెట్టె దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారి పరుపు నేను కుట్టిందే," అన్నాడు. "రెండుసార్లు విప్పించింది. దూది మింగేశావురా అని ఊరంతా వినబడేలా తిట్టింది. మూడోసారి మాత్రం డబ్బులతో పాటు పెరట్లో కాసిన పీచ్ పళ్ళు కూడా ఇచ్చింది."

హాలిస్ పక్కగదిలోంచి వచ్చి చెయ్యి చాపాడు. "కేసు తీరిపోయింది కనక చెయ్యి కలపొచ్చు ఎజ్రా గారూ," అన్నాడు. ఎలోయీస్ గిన్నె అందుకుని అలవాటుగా అడుగు తడిమింది. కొత్త ప్లాస్టర్. దాని మీద గుడ్డివాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలు, రోజెట్టా పికెట్ అని.

ఖననం అయిపోయింది. ఎలోయీస్ గిన్నెలన్నీ తోమి ఆరబెట్టింది. పేరున్నది ఒక్కటే కాబట్టి ముందు దానితో బయల్దేరింది. హాలిస్ వస్తానంటే వద్దంది.

"తీర్పు రాసినవాడివి, దాని అమలు ఇంకా నీ చేతిలోనే ఉంది, నువ్వు వాళ్ళింటికి రాకూడదు. గిన్నె తిరిగివ్వాల్సింది నేను. నాకే కోర్టూ అడ్డం లేదు."

పట్టాలు దాటి ఎలోయీస్ ఆ పేటలోకి నడిచి వెళ్ళడం అదే మొదటిసారి. అంతకుముందు పనిమనిషిని దింపడానికి కారులో వచ్చి, కారులోంచే తిరిగి వెళ్ళేది. రోజెట్టా ఇంటి వరండాలో ఆవిడ తండ్రి ఏమస్ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పలక, వేళ్ళ మధ్య సుద్దముక్క. సంతకం దిద్దుకుంటున్నాడు. పేపర్‌మిల్లులో వేళ్ళు రెండు పోయాయి, సుద్ద నిలవడం లేదు.

రోజెట్టా గిన్నె తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. "బాగా తోమారు," అంది. టీ తెచ్చింది. ఎలోయీస్ కుర్చీ అంచున కూర్చుంది. ఆల్మా గురించి నాలుగు మాటలు అయ్యాయి. తరవాత మనసులో ఉన్నది ఆగక బయటికొచ్చింది.

"మీ కోసం మా ఆయన ఊరంతా పోగొట్టుకున్నాడు రోజెట్టా. నేనూ పోగొట్టుకున్నా. నీకు తెలుసో లేదో."

రోజెట్టా గ్లాసు కింద పెట్టింది. "పోగొట్టుకోవడానికి మీకు ఊరుంది మేబ్రీ గారూ. మా ఆయన ఎనిమిదేళ్ళు ఆ ఆఫీసు మెట్లెక్కి దిగాడు. తెల్లవాళ్ళు పరుపుల పని ఇవ్వడం మానేస్తే ఏడాదిగా నేను పదిళ్ళ బట్టలు ఉతుకుతున్నా. ఎవరి దగ్గరా అనలేదు. మీరన్నారు గనక అంటున్నా."

ఎలోయీస్ మొహం కందిపోయింది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. గ్లాసులో టీ ఇంకా ఉంది, తాగకుండా లేస్తే పద్ధతి కాదు.

"బర్మింగ్‌హామ్ వెళ్ళిపోతారట కదా?" అంది రోజెట్టా.

"నీకెవరు చెప్పారు?"

"మీ వాళ్ళ మాటలన్నీ మా వాళ్ళు వండే వంటిళ్ళలోనే కదండీ ఆడేది."

ఏమస్ పలక మీంచి తలెత్తాడు. "అమ్మాయ్, ఆ జడ్జీని సెప్టెంబరులో ఆఫీసు తెరిచే మొదటి సోమవారం దాకా ఆగమని చెప్పు. నేను నా పేరు రాసొస్తా. ఆ తరవాత చంద్రమండలం పోతాడో ఎక్కడికి పోతాడో, నాకేం పోయింది?"

ఎలోయీస్‌కు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంటికొచ్చి అట్టపెట్టెలు దింపి సామాను సర్దడం మొదలుపెట్టింది. సగం సర్ది విప్పేసింది. మళ్ళీ సర్దింది.

ఆదివారం చర్చి ఆవరణలో అందరూ కలిసి భోజనం చేసే రోజు. ఎలోయీస్ పేరు లేని గిన్నెలన్నీ కారులో వేసుకెళ్ళి, పొడుగాటి బల్ల మీద వరసగా పేర్చింది. మెరిసిపోతున్నాయి.

"మా అత్తయ్య కోసం మీరు పంపినవే," అంది గొంతు పెంచి. "ఎవరిది వాళ్ళు తీసుకోండి. పద్ధతి ప్రకారం ఇంటికి తెచ్చివ్వాలి, ఏ ఇంటికో తెలియక ఇక్కడికి తెచ్చా."

ఎవరూ కదల్లేదు. పాస్టరు గారు వాన పడుతుందేమోనని ఆకాశం వంక చూశాడు. ఆడవాళ్ళు పిల్లల చొక్కాల గుండీలు సర్దారు. కేకు పళ్ళెం తాలూకు ఆవిడ అటే చూస్తూ, తన పళ్ళేన్ని ఎన్నడూ ఎరగనట్టు మజ్జిగ పోసుకుంది. వెర్లీ కూడా ఉంది. నీలం గిన్నె వైపు ఒక్కసారి చూసి, బ్యూఫర్డ్ వైపు చూసి, తల దించుకుంది. ఎలోయీస్ ఒక్కో గిన్నె ఎత్తి తిరిగి కారులో పెట్టుకుంది. ఎవరూ సాయం రాలేదు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే పెరటి జాలీ తలుపు కిర్రుమంది. ఈసారి ఎలోయీస్ గుమ్మం పక్కనే ఉంది.

"ఒసేయ్ ఎలోయీస్, నేనే," వెర్లీ గుసగుసగా అంది. "నా నీలం గిన్నె ఇటిచ్చెయ్యవే. తొందరగా."

ఎన్ని నెలలకు విన్న గొంతు! ఎలోయీస్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. గిన్నె తీసింది, గుడ్డతో తుడిచింది, ఇవ్వబోయి ఆగింది.

"ఇస్తానే. వీధి గుమ్మంలోకి రా. కూర్చో, టీ ఇస్తా."

"పిచ్చా నీకు? ఆయన వరండాలోనే ఉన్నాడు."

"ఉండనీ. నేను మీ ఇంటికి వీధి గుమ్మంలోంచేగా వచ్చేదాన్ని?"

"నా పీక మీదికి తేకే. నీకేం, రేపో మాపో పోతావు. నేనిక్కడే చావాలి." వెర్లీ కళ్ళు నిండాయి. "ఆల్మా అంటే నాకు ప్రాణం, నీకు తెలుసు. వండుకొచ్చా కదా? ఇంకేం చెయ్యమంటావు?"

"పేరు ఎందుకు పీకేశావే?"

వెర్లీ తన వరండా వైపు ఒకసారి తొంగిచూసి, గిన్నె లేకుండానే కంచె సందులోంచి వెళ్ళిపోయింది. ఎలోయీస్ వీధి గుమ్మం తీసి చాలాసేపు నిలబడింది. ఎవరూ రాలేదు.

మొదటి సోమవారం ఏమస్ మూడు వేళ్ళతో తన పేరు తనే రాసి వచ్చాడు. పేట పేటంతా ఆయన వెనకే వరస కట్టింది. పై నెలలో, ఎన్నికలు ఇంకా రాకముందే, ఆ వరండా కుర్చీలోనే ఆయన కన్నుమూశాడు. ఆ కబురు పొద్దున్నే తెచ్చింది హాలిస్. తెచ్చి, టోపీ తిప్పుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బర్మింగ్‌హామ్ నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. ఈ సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమంటున్నాడు. ఏం చెప్పను?"

ఎలోయీస్ గది నిండా ఉన్న అట్టపెట్టెల వైపు చూసింది. పైన ఉన్న పెట్టె తాడు కోసి, కాగితాల్లో చుట్టిన గిన్నెలు ఒకటొకటిగా బయటికి తీసింది. కేకు పళ్ళెం, హ్యామ్ పళ్ళెం, నీలం గిన్నె, అన్నీ.

"ముందు ఓవెన్ వెలిగించు," అంది. "కోళ్ళు నాలుగు కావాలి. మాంసం కొట్టువాడు కత్తి నూరుకుంటుంటే అడ్డం నిలబడి మరీ తీసుకురా."

మధ్యాహ్నం దాకా వండింది. వండి, గిన్నెలు నింపేముందు ఒక్కోటీ బోర్లించి, జిగురు మరక గీకి, కొత్త ప్లాస్టర్ అంటించి పేరు రాసింది. హాలిస్ ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి ఇచ్చాడు. కారు పట్టాలు దాటింది. హాలిస్ కారు దగ్గరే ఆగిపోయాడు. ఎలోయీస్ గిన్నెలు మోసుకుంటూ వీధి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది.

వంటింటి నిండా ఆడవాళ్ళే. తెల్లవాళ్ళ ఇళ్ళలో వండేది, కడిగేది ఆ చేతులే. బల్ల మీద గిన్నెలు దింపగానే ఒక లావుపాటావిడ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓరి దేవుడో! ఇది మా వెర్లీ అమ్మగారి నీలం గిన్నె! పెచ్చు ఊడగొట్టింది నేనే, జీతంలో కోసుకుంది!"

"ఆ కేకు పళ్ళెం మా ఇంటిది. ఏమీ ఎరగనట్టు, ఎక్కడ పెట్టావే అని నా ప్రాణం తీసింది మా అమ్మగారు."

"అది మాది!"

చావింట్లో నవ్వకూడదని మొహాలు ఆప్రాన్లలో దాచుకున్నారు గానీ, ఆగలేదు. గోడలు అదిరేలా నవ్వారు. రోజెట్టా ముందుగదిలోంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ నీలం గిన్నెను గుడ్డతో పట్టుకుని, కొంచెం పైకెత్తి, వంగి అడుగున చదివింది. ఇంకో గిన్నె ఎత్తి చదివింది. ఇంకోటి.

"ఎలోయీస్ మేబ్రీ. ఎలోయీస్ మేబ్రీ. ఎలోయీస్ మేబ్రీ," అంది. "ఇవన్నీ మీవేనా?"

"ఎవరిని అడిగినా మావి కావన్నారు పికెట్ గారూ. అందుకని నా పేరు రాసుకున్నా."

తెల్లవాళ్ళ నోట ఎన్నడూ రాని పికెట్ గారూ అన్న పిలుపు రోజెట్టాకు వినబడింది. గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"అయితే ఇవి తిరిగివ్వాల్సింది మీకే. పద్ధతి ప్రకారం నేనే రావాలి. నాన్న పని అంతా అయ్యేసరికి కొన్నాళ్ళు పడుతుంది. ఒక్కసారే అన్నీ మోయలేను, ఒక్కోటీ తెస్తా." ఆవిడ ఎలోయీస్ కళ్ళలోకి సూటిగా చూసింది. "అప్పటికి ఈ ఊళ్ళో ఉంటారా?"

వంటిల్లంతా వింటోంది. ఈ వంటింట్లో పడ్డ మాట రాత్రి భోజనాల వేళకు ఊళ్ళో ప్రతి తెల్లవాడి బల్ల దగ్గరికీ చేరిపోతుంది. అది ఎలోయీస్‌కు తెలుసు. బల్ల అంచు పట్టుకుంది.

"ఉంటాను," అంది. "వీధి గుమ్మం తీసే ఉంచుతా. టీ పెడతా."

బయటికి వచ్చేసరికి హాలిస్ కారుకు ఆనుకుని టోపీ తిప్పుకుంటున్నాడు. ఆవిడ మొహంలోకి చూస్తూ కారు తలుపు తీశాడు.

"ఇంటికి పోగానే బర్మింగ్‌హామ్‌కి ఫోను చెయ్యి," అంది ఎలోయీస్ కారెక్కుతూ. "మా ఆవిడ రానంటోందని చెప్పు. తన గిన్నెలన్నీ ఈ ఊళ్ళోనే ఉండిపోయాయట అని చెప్పు."